ఈద్ కార్డులో అమ్మీ చెయ్యి

ఈ రంజాన్‌లో మా బిడ్డ ఒక్కటే జిద్దు పట్టింది. ఈద్‌కి సదాశివనగర్ పోయినప్పుడు ఖాన్‌దాన్ అంతా కలిసి ఇంట్లోనే ఫోటో దిగాలట. దాన్ని కార్డులా అచ్చేసి చుట్టాలకు పోస్టులో పంపాలట. స్టూడియో వద్దు, ఫోటోగ్రాఫర్ వద్దు, దాలాన్‌లో స్టూలు మీద ఫోన్ నిలబెట్టి తనే తీస్తానంది. అందరం సరే అన్నాం. అమ్మీ మాత్రం "మేరేకు నక్కో" అని తస్బీ తిప్పుకుంటూ కూర్చుంది.

"దాదీ లేకుంటే అది ఖాన్‌దాన్ ఫోటో ఎట్లయితది అబ్బా?" అని బిడ్డ నన్ను నిలదీసింది. నేను జవాబు చెప్పకుండా అల్మారాలోంచి పాత బిస్కట్ డబ్బా తీసి, అందులోని ఫోటో ఒకటి దాని చేతిలో పెట్టాను.

1991 నాటి ఫోటో అది. మా గూనపెంకుల ఇంటి దాలాన్. చాప మీద నలుగురు పిల్లలు ఉండాలి, ముగ్గురే ఉన్నారు, ఎందుకంటే నాలుగోవాణ్ణి నేను, కెమెరా నా చేతిలో ఉంది. వెనక లోపలి అర్రకు పోయే దర్వాజా, దానికి పూలపూల పర్దా. ఆ పర్దా అంచులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి మా చిన్న చెల్లె భుజం మీద ఆనుకొని ఉంది. మూడు గాజులు, వేళ్ల కొసలకు పాతబడ్డ మెహందీ. ఆ చెయ్యే అమ్మీ. వయసులో ఉన్నప్పటి అమ్మీది మా ఇంట్లో ఉన్న తస్వీర్ అదొక్కటే.

బిడ్డకు ఆ చెయ్యి సంగతి చెప్పబోతే ఈద్ కార్డు దాకా, అక్కడి నుంచి ఫోటో తవారీఖ్ దాకా పోవాల్సి వచ్చింది. ఆ రాత్రి తరావీహ్ అయ్యాక చెప్పిందీ, తర్వాత కూర్చొని గుర్తుచేసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

పండుగకు కార్డు పంపే రివాజు విలాయత్‌లో మొదలైంది. 1840లో అక్కడ పెన్నీ పోస్ట్ వచ్చి ఉత్తరం సస్తా అయింది. 1843లో హెన్రీ కోల్ అనే అధికారి, రావలసినన్ని క్రిస్మస్ ఖత్‌లకు ఒక్కొక్కటిగా జవాబు రాసే ఓపిక లేక, జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడితో ఒక బొమ్మ గీయించి వెయ్యి కాపీలు అచ్చు వేయించాడు. ఒక్కోటి ఒక షిల్లింగు. ఆ బొమ్మ ఏంటంటే, దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్న ఒక కుటుంబం. చిన్న పిల్లకు కూడా వైన్ తాగిస్తున్నట్టు గీశాడని మద్యం వద్దనేవాళ్లు గొడవ చేశారు. అంటే పండుగ కార్డు పుట్టిన రోజే దాని మీద ఖాన్‌దాన్ ఉంది, ఆ ఖాన్‌దాన్ మీద పదిమంది మాటా పడింది.

మన దేశంలో ఈద్ కార్డు 19వ శతాబ్దం ఆఖర్లో వచ్చింది. రైలు, డాక్‌ఖానా, అచ్చు మిషన్ మూడూ ఒకచోటికి చేరాక వచ్చిన వస్తువు అది. ఢిల్లీకి చెందిన యూసుఫ్ సయీద్ ఈ పాత కార్డులను జమ చేసి, వాటి మీద ఎంతో కష్టపడి రాశారు. మొదట్లో వచ్చినవి కొన్ని విలాయతీ కార్డులేనట. పూలూ పిట్టలూ యూరప్‌వి, వాటి మీద ఉర్దూలో ఈద్ ముబారక్ అచ్చేసి అమ్మేవారు. తర్వాత లాహోర్‌లో హాఫిజ్ ఖమరుద్దీన్ అండ్ సన్స్, ఢిల్లీలో మహబూబుల్ మతాబే, బొంబాయిలో ఈస్టర్న్ కమర్షియల్ ఏజెన్సీ వంటివాళ్లు సొంతంగా అచ్చువేశారు. నెలవంక, మస్జిద్ మినార్లు, అలాయ్‌బలాయ్ తీసుకునే పెద్దమనుషులు. ఇంకో షౌక్ కూడా కనిపిస్తుంది. రైలింజను, విమానం ఈద్ సలామ్ మోసుకొస్తున్నట్టు వేసేవారు. తెచ్చేది ఏదో దాని బొమ్మే కార్డు మీదికి ఎక్కింది. ఆ తర్వాత జమానాలో సినిమా తారలు కూడా ఎక్కారు. నేను చూసినవాటిలో ఒక్కదాని మీద కూడా పంపినవాళ్ల ఇంటి మనుషులు లేరు.

తార్ ఇచ్చేవాళ్లకు ఇంకా సులువు. తంతి శాఖ పండుగ మాటలకు నంబర్లు పెట్టింది. ఒకటో నంబరు దీపావళి, రెండో నంబరు ఈద్ ముబారక్. ఫారం మీద 2 వేస్తే చాలు, అవతల పూర్తి వాక్యం దిగేది. 2013 జులైలో తార్‌తో పాటు ఆ రెండో నంబరు కూడా పోయింది.

నా చిన్నతనంలో కామారెడ్డి బజార్‌లో రంజాన్ ఆఖరి పది రోజులు తాడుకు గుచ్చి కార్డులు వేలాడదీసేవారు. హైదరాబాద్ పోయినవాళ్లు ఛత్తా బజార్ నుంచి మంచివి తెచ్చేవారు. లోపల షేర్ ఉర్దూలో, బయట పతా తెలుగులో. ఉర్దూలో పతా రాస్తే మా డాక్‌వాలా సైకిలు ఆపి ఎవరినన్నా అడగాలి కదా. ఉర్దూ మీడియంలో చదివిన నాకు తెలుగు అక్షరాలు కుదురుగా వచ్చింది ఈ కవర్ల మీద రాసీరాసీనే.

ఇక ఫోటో సంగతి. మన నేలమీద ఫోటో అనగానే లాలా దీన్‌దయాళ్ పేరు తీయాలి. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో నౌకరీ చేస్తూ కెమెరా పట్టినవాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ దర్బార్‌కు ఫోటోగ్రాఫర్ అయ్యాడు. నిజాం ఇచ్చిన ఖితాబు ముసవ్విర్ జంగ్. ఆయన తీసిన శికార్లు, మహళ్లు, ఫౌజులు అందరికీ తెలుసు. నాకు వాటికన్నా ఎక్కువ ఖాస్ అనిపించేది, 1892లో హైదరాబాద్‌లో ఆయన తెరిచిన జనానా స్టూడియో.

పర్దా పాటించే బేగంలు మగవాడి ముందు కూర్చోరు. కాబట్టి చుట్టూ ఎత్తయిన గోడలు కట్టించి, లోపల మిసెస్ కెనీ-లెవిక్ అనే ఆంగ్లేయ మహిళను పెట్టాడు. ఆమెకు సాయం చేసేవాళ్లూ ఆడవాళ్లే. మగ పురుగు లోపలికి రాకూడదు. పాలకీ దిగడం దగ్గర్నుంచి ఫోటో దిగడం దాకా అంతా ఆడవాళ్ల మధ్యే. కిటుకు ఇక్కడుంది: దీన్‌దయాళ్ పర్దాను తీసేయమనలేదు, పర్దా లోపలికే కెమెరాను పంపాడు. అయితే ఇది ఎవరికి? దేవుడీలవాళ్లకు, జాగీర్దార్లకు. సదాశివనగర్‌లో బీడీలు చుట్టుకునే ఆడవాళ్ల కోసం ఏ మేమ్‌సాబ్ వస్తుంది?

1931లో ఏడో నిజాం ఇద్దరు కొడుకుల నికా ఫ్రాన్స్‌లోని నీస్‌లో అయింది. దుర్రెషెహ్వార్, నీలోఫర్ ఇద్దరూ ఉస్మానియా ఖాందాన్ ఆడపడుచులు. ముసుగు లేని వాళ్ల తస్వీర్లు దునియా అంతటి అఖ్బార్లలో వచ్చాయి. నలభై ఏళ్లలో జనానా గోడల లోపలి నుంచి అఖ్బార్ మొదటి పేజీ దాకా వచ్చింది రాజమహల్. మామూలు ఇళ్లు రాలేదు. రాకపోవడం ఒట్టి పాతకాలపు బుద్ధి అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. రాజకుమారి తస్వీర్‌ను ఎవడన్నా ఏమన్నా అంటే అడిగే ఫౌజు ఉంది. మా దాదీకి ఎవరున్నారు?

తస్వీర్ జాయజా, నాజాయజా అనే బహస్ వేరే ఉంది. అది ఇప్పటిది కాదు. ఈజిప్ట్‌లో గ్రాండ్ ముఫ్తీగా ఉన్న ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ ఫోటోకు ఇజాజత్ ఇస్తూ ఒక రిసాలా రాశారు. ఫోటో అంటే చేత్తో రూపం సృష్టించడం కాదు, పడిన నీడను పట్టి ఆపడం అన్నది ఆయన దలీల్. మన దగ్గర ఉలమాలో చాలామంది ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోనివాళ్లున్నారు. ఇంకోపక్క మౌలానా ఆజాద్ 1912లో కలకత్తాలో తెచ్చిన అల్ హిలాల్‌లో ఫోటోలు అచ్చయ్యేవి. మా ఇంట్లో ఈ బహస్ ఎప్పుడూ నడవలేదు. మా దాదీ అడిగింది ఇంతకన్నా చిన్న సవాల్, ఇంతకన్నా మొండి సవాల్. ఫిల్ము ఎవరు కడుగుతారు?

ఈ సవాల్‌కు అమెరికాలో కూడా జవాబు లేదు. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరా తెచ్చాడు. వంద ఫోటోల ఫిల్ము లోపలే ఉండేది. ఇంట్లో ఎవరైనా తీయవచ్చు, స్టూడియోకు పోనక్కరలేదు. కానీ వంద అయ్యాక కెమెరాను అట్లాగే రోచెస్టర్ ఫ్యాక్టరీకి పంపాలి. వాళ్లు ఫిల్ము కడిగి, ఫోటోలు తీసి, కొత్త ఫిల్ము ఎక్కించి తిరిగి పంపేవారు. 1903లో అదే కంపెనీ పోస్టుకార్డు సైజు ఫిల్ము పట్టే 3ఎ కెమెరా తెచ్చింది. ఇంట్లో తీసుకున్న ఫోటో సీదా పోస్టుకార్డే అయ్యేది. పండుగకు సొంత కుటుంబం ఫోటో పంపుకునే షౌక్ అట్లా పాకింది. కానీ తీసేది ఇంట్లో అయినా, కడిగేది ఎక్కువమందికి పరాయివాడే. 1890లో వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు వకీళ్లు గోప్యత హక్కు మీద రాసిన పేరుమోసిన వ్యాసంలో కూడా అఖ్బార్లతో పాటు ఈ కొత్త కెమెరాల భయమే ఉంది. బోస్టన్ వకీళ్లదీ, మా దాదీదీ ఒకటే ఫికర్ అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఇప్పుడు 1991కి వద్దాం.

అబ్బా అప్పుడు సౌదీలో దమ్మామ్‌లో ఉండేవాడు. కామారెడ్డి, నిజామాబాద్ వైపు ఇది కొత్త ముచ్చట కాదు, మా మండలంలో గల్ఫ్‌కు పోని వాడ ఉండదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ ఫౌజు కువైట్‌లోకి దిగింది. అక్కడి మనవాళ్లను లక్షకు పైగా విమానాల్లో తెచ్చారు. దమ్మామ్ సౌదీలోది కాబట్టి అబ్బా వాపస్ రాలేదు, అప్పు తీరలేదు కాబట్టి కూడా రాలేదు. జనవరి 17న జంగ్ మొదలైంది. రాత్రిపూట దాదీ రేడియో పక్కన కూర్చొని బీబీసీ ఉర్దూ సైర్‌బీన్ వినేది. ఫిబ్రవరి 25న దమ్మామ్ పక్కనే దహ్రాన్ దగ్గర స్కడ్ మిసైల్ పడి 28 మంది అమెరికా సిపాయిలు చనిపోయారు. రేడియోలో దహ్రాన్ అన్నది మాకు అర్థమైంది, దమ్మామ్‌కు అది ఎంత దూరమో తెలియలేదు. ఫోన్ లేదు. ఖత్‌లు ఆగిపోయాయి. అమ్మీ రోజుకు వెయ్యి బీడీలు చుట్టే మనిషి, ఆ వారం ఆకు కత్తిరించి కత్తిరించి గంపలోనే వదిలేసింది.

జంగ్ ఆగాక ఖత్ వచ్చింది. ఖైరియత్ అంతా రాసి, కింద రెండు ముక్కలు. ఈసారి బజార్ కార్డు వద్దు. ఇంట్లో అందరి ఫోటో ఒకటి పంపండి, ఎవ్వరూ తప్పకుండా.

ఆ ఎవ్వరూ తప్పకుండా అన్నది ఎవరి కోసమో ఇంట్లో అందరికీ తెలుసు. అబ్బా చుట్టీ మీద వచ్చినప్పుడు తెచ్చి వదిలిన యాషికా కెమెరా అల్మారాలో ఉంది, లోపల సగం రీలు మిగిలి ఉంది. స్టూడియోకు పోవడమనే మాట రానే రాలేదు. పదకొండేళ్ల నేను తీస్తే అమ్మీకి పర్దా అవసరం లేదు. అందరూ ఖుష్. అప్పుడే దాదీ అడిగింది, కడిగేదెవరని. కలర్ ఫిల్ము కామారెడ్డిలో ఇస్తే అక్కడి నుంచి ఇంకో ఊరికి పోయి వచ్చేది. ఎన్ని చేతులు మారేదో ఎవరికి తెలుసు. మషీన్ కడుగుతది దాదీ అని నేను చెప్పాను. దాదీ బీడీ కట్ట పక్కన పెట్టి, "మషీన్‌కు ఆంఖా నై రైతే బేటా, మషీన్ చలానేవాలేకు రైతే" అంది. మషీన్‌కు కళ్లు లేకపోవచ్చు, నడిపేవాడికి ఉంటాయి కదా.

అది తప్పని నేను ఇప్పటికీ అనలేను. నెగెటివ్ ఎవరి దగ్గర ఉండిపోతుంది, ఇంకో కాపీ ఎవరు తీసుకుంటారు, ఎవరికి తెలుసు?

దారి అమ్మీయే తీసింది. దర్వాజాకు పర్దా వేసి, వెనక నిలబడి, చెయ్యి మాత్రం బయట పెట్టింది. రంజాన్ నెల, మార్చి ఆఖరి ఎండ, పొద్దున పది గంటలు. కార్డు ఈద్ లోపల చేరాలంటే ఫోటో ఈద్‌కు ముందే తీయాలి కాబట్టి, అక్క రోజాతో ఉండి ఈద్ బట్టలు వేసుకుంది. లోకంలో పండుగ కార్డులన్నీ ఇట్లాగే అబద్ధం చెబుతాయి, నవ్వే మొహాలన్నీ పండుగకు ముందువే. నాలుగు సార్లు నొక్కాను. ఒకదాంట్లో నా వేలు అడ్డం వచ్చింది, ఒకదాంట్లో అక్క తల తెగింది, ఒకటి కదిలిపోయింది. నాలుగోది ఇది.

విక్టోరియా కాలంలో ఇంగ్లాండ్‌లో చంటిపిల్లల ఫోటోలు తీసేటప్పుడు, పిల్ల కదలకుండా పట్టుకోవడానికి తల్లిని దుప్పటి కప్పి కుర్చీలా కూర్చోబెట్టేవారు. అట్లాంటి ఫోటోలు బోలెడు దొరుకుతాయి. అక్కడ తల్లి బొమ్మలో కనపడకూడదని కప్పారు. మా అమ్మీ, తను ఉన్నానని చెప్పడానికే చెయ్యి బయట పెట్టింది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, నాకు ఆ రెండింటినీ ఒకటి అనబుద్ధి కాదు.

డ్రాయింగ్ షీటు మడిచి, ఫోటో అతికించి, చాక్లెట్ పన్నీతో నెలవంక కత్తిరించి అక్క కార్డు చేసింది. లోపల ఈద్ ముబారక్ నేను రాశాను, తఖ్తీ మీద నేర్చిన సర్కండా కలంతో. మా వాడకట్టు మనిషి ఒకాయన దమ్మామ్ పోతుంటే చేతికిచ్చి పంపాం. ఏప్రిల్ మధ్యలో ఈద్ అయింది.

జవాబు మే నెలలో వచ్చింది. పిల్లలు పెరిగారని, దాలాన్‌కు సున్నం వేయించమని రాశాడు. చివర, అందరి ఫోటో అంటే అందరిదీ అని, మీకు ఎన్నిసార్లు చెప్పాలని రాశాడు. అబ్బాకు గుస్సా వచ్చిందని నాకు అప్పుడు అర్థమైంది. ఖత్ చదివి వినిపించింది నేనే. అమ్మీ ఆ లైను రెండోసారి చదవమంది. చదివాను. ఏమీ అనలేదు.

రెండేళ్లకు అబ్బా వచ్చినప్పుడు ఆ ఫోటో కార్డు మీద నుంచి ఊడబీకి అకామా కవర్‌లో పెట్టుకొని ఉంది. ఇప్పుడు మా డబ్బాలో ఉన్నది అదే. ఇంకోసారి ఫోటో మాట ఆయన ఎత్తలేదు, ఇప్పుడు ఎత్తడానికి లేడు.

తమాషా ఏంటంటే, ఆ తర్వాత అమ్మీ మొహం అందరికన్నా ముందు సర్కార్ దగ్గరికి చేరింది. 1993లో ఓటరుకు ఫోటో కార్డు అన్నారు. పర్దా పాటించే ఆడవాళ్ల ఫోటోలు ఓటరు జాబితాలో వద్దని తమిళనాడులో ఒకాయన కేసు వేస్తే, 2006లో మద్రాస్ హైకోర్టు కొట్టేసింది. బీడీ కార్మికుల కార్డు, రేషన్ కార్డు, ఆధార్, ఉమ్రా కోసం పాస్‌పోర్టు. ప్రతిచోటా ముక్కుమొహం తెలియని మగపిల్లగాడు "అమ్మా, కొంగు జరుపు, చెవులు కనబడాలె" అన్నాడు. అమ్మీ జరిపింది. జరపకపోతే బియ్యం రావు. ఎక్కడో ఢిల్లీ కంప్యూటర్‌లో ఉన్న అమ్మీ మొహం, అబ్బా అకామా కవర్‌లో మాత్రం లేదు.

"అయితే ఇప్పుడు ఫోన్ కదా దాదీ, కడిగేటోడే లేడు" అంది నా బిడ్డ, ఈ కథంతా విన్నాక. నిజమే, ఒకరకంగా దాదీ సవాల్‌కు జవాబు దొరికింది. 1948లో పోలరాయిడ్‌తో మొదలై, ఫోన్‌తో ఆ మధ్య మనిషి పోయాడు. కానీ అఖ్బార్‌లో పనిచేసే నాకు ఆ జవాబు సగమే అని తెలుసు. 2021 జులైలో సుల్లీ డీల్స్ అని, 2022 జనవరి 1న బుల్లీ బాయి అని యాప్‌లు పెట్టి, ముస్లిం ఆడవాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టుకున్న ఫోటోలనే ఎత్తుకొచ్చి వేలం పాట ఆడారు. వాళ్లలో పాత్రికేయులున్నారు, వకీళ్లున్నారు. వాళ్లు స్టూడియోకు పోలేదు, ఎవరికీ నెగెటివ్ ఇవ్వలేదు. అరెస్టయినవాళ్లలో చదువుకుంటున్న పోరగాళ్లున్నారు. ఆ రోజుల్లో మా ఇళ్లల్లో ఎంతమంది ఆడపిల్లలు ప్రొఫైల్ మీద తమ మొహం తీసేసి గులాబీ పువ్వు పెట్టారో, ఆ గిన్‌తీ ఎవరూ వేయలేదు. నా బిడ్డ కూడా పెట్టింది. నేను చెప్పలేదు, అదే పెట్టుకుంది. అందుకే ఈసారి వాట్సాప్‌లో పంపకుండా కాగితం మీద అచ్చేసి, కవర్‌లో పెట్టి, పోస్టులో వేస్తానంది. కార్డు షౌక్ అని నేను అనుకున్నదాని వెనక ఇది ఉందని నాకు ఆ రాత్రే తెలిసింది.

అమ్మీ ఇదంతా వింటూనే ఉంది. పొద్దున సహెరీ దగ్గర, చాయ్ కప్పు పెడుతూ, "కిత్తే కార్డాఁ?" అని అడిగింది. ఎన్ని అని. ఏడు అంది బిడ్డ. ఎవరెవరికో పేర్లు చెప్పమంది. చెప్పింది. ఒక పేరు దగ్గర అమ్మీ తల అడ్డంగా ఊపింది. ఆరు అయ్యాయి.

మర్నాడు అస్ర్ నమాజ్ అయ్యాక దాలాన్‌లో కుర్చీ వేశాం. పడమటి ఎండ సీదా మొహం మీద పడుతుంటే బిడ్డ తెల్ల దుప్పటి ఒకటి తాడుకు కట్టి నీడ చేసింది. ఫ్లాష్ వద్దంది. టైమర్ పది సెకన్లు. ఇప్పుడు తీసేవాడు కూడా ఫోటోలో ఉండొచ్చు, నాకు అదొక్కటే ఈ జమానాలో నచ్చింది. అమ్మీ మధ్యలో కూర్చుంది. దుపట్టా నుదుటి దాకా, మొహం పూర్తిగా బయట. మొదటిసారి మా తమ్ముడి కొడుకు లేచి ఉరికాడు. రెండోసారి కరెంటు పోయి మిక్సీ ఆగిందని మరదలు లోపలికి పోయింది. పన్నెండు తీశాక అమ్మీ ఫోన్ ఇటివ్వమంది. కళ్లద్దాలు పెట్టుకొని, ఒక్కొక్కటి చూసి, ఎట్లా తీసేయాలో బిడ్డను అడిగి, తన వేలితోనే పదకొండు తీసేసింది.

ఫోన్ తిరిగి ఇస్తూ, ఇప్పుడు ఆ ఒక్కటి ఎక్కడెక్కడ ఉన్నట్టు అని అడిగింది. బిడ్డ ఫోన్‌లోనే ఉంది అనబోయి ఆగింది. ఫోటో తీయగానే దానంతట అదే గూగుల్‌లోకి పోయే ఏర్పాటు ఒకటి ఉంటుంది కదా. తీసేసిన పదకొండూ చెత్తబుట్టలో కొన్నాళ్లు ఉంటాయి కదా. అది కూడా ఖాళీ చేయాలని గుర్తొచ్చినట్టుంది. దాలాన్ మెట్టు మీద కూర్చొని సెట్టింగులు ఒక్కొక్కటీ వెతుక్కుంటూ ఉంది. అమ్మీ పక్కనే కూర్చొని చూస్తూ ఉంది. మగ్రిబ్ అజాన్ అయ్యేసరికి ఖజూర్ పళ్లెం వాళ్లిద్దరి మధ్యకే తెచ్చి పెట్టాం.